రెక్క వంగే తీరు

నేల మీద ఉన్నంతసేపూ రెక్క కిందికి వేలాడుతూనే ఉంది, లోపల ఇంధనం బరువు, పైన తన బరువు, చూసేవాళ్ళకి ఏదో అలిసిపోయినట్టు. ఇప్పుడు విమానం పరుగందుకుంటున్న కొద్దీ దాని కొస మెల్లమెల్లగా పైకి లేస్తోంది, నిద్ర లేచి ఒళ్ళు విరుచుకుంటున్నట్టు. చక్రాలింకా నేలను వదలలేదు. లోపల కూర్చున్నవాళ్ళందరూ ఇంకా నేల మీదే ఉన్నారు, రెక్క మాత్రం అప్పుడే గాలిలో ఉంది, ఇదిగో, ఇదిగో, అనుకున్నాడు అతను కిటికీకి ముక్కు ఆనించి, ఇప్పుడు మనందరి బరువూ ఇది ఎత్తుకుంటుంది, పై పొరలు నొక్కుకుంటాయి, కింది పొరలు సాగుతాయి, అనుకుంటూ ఉండగానే చక్రాల చప్పుడు ఆగిపోయింది. ఎన్నేళ్ళుగానో కాగితం మీదా కంప్యూటర్ తెర మీదా ఎత్తిన రెక్క. దాని తొడుగులో కార్బన్ నార పొరలు ఏది ఏ దిక్కుగా పరవాలో లెక్కగట్టిన గుంపులో అతనొకడు. అయినా దీన్ని ఎక్కడం ఇదే మొదటిసారి, ఎందుకంటే అతను ఉండే ఊరికి ఈ రకం విమానం ఈమధ్యే వస్తోంది, పైగా ఎక్కడికి వెళ్ళాలన్నా రైలే ఎక్కుతాడు, విమానాలు చేసేవాడికి విమానమంటే భయం అని ఇంట్లో ఎగతాళి. భయం కాదు. ఏమో, కొంచెం భయమేనేమో, వండినవాడు అందరికీ వడ్డించి తన కంచంలో వేసుకోవడానికి జంకినట్టు.

"ఎగిరిందా?" అంది పక్క సీట్లోంచి అత్తగారు, కళ్ళు గట్టిగా మూసుకునే.

"ఎగిరింది అత్తయ్యా."

"నాకేం తెలియలేదే! అయితే కళ్ళు తెరవొచ్చా?"

"తెరవండి. మబ్బులు బాగున్నాయి."

"వద్దులే. కాసేపయ్యాక చూస్తాను. ఎక్కడికి పోతాయి."

ఆ గొంతు వింటే ఎవరైనా తెలియకుండానే సామాను సర్దుకుంటారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఎక్కడికొస్తుందో, ఏది ఎంత ఆలస్యమో చెప్పింది. మాట మాటకీ మధ్య సరిగ్గా ఓ గుక్క ఖాళీ, ఇంట్లో కూడా అంతే, అన్నం పెట్టాను, రండి, అన్నా కూడా ఏదో బండి వచ్చిందేమో అనిపిస్తుంది. మామగారు పోయి చాలాకాలమైంది. ఇప్పుడావిడ పెళ్ళి చేసుకోబోతోంది. ఈ మాట మనసులో అనుకున్నప్పుడల్లా అతని పెదాల మీదికి నవ్వొస్తుంది, వెక్కిరింపు కాదు, వానాకాలంలో కిటికీ తెరిస్తే చల్లగాలి తగిలినప్పటి నవ్వు. పెళ్ళి రేపు, విమానం దిగబోయే ఊళ్ళో, రిజిస్ట్రారు ఆఫీసులో. వరుడు రిటైరైన రైలు డ్రైవరు. ఏళ్ళ తరబడి ఆ గొంతు వింటూ ఆ స్టేషన్లో బండి ఆపాడట, మనిషిని ఎన్నడూ చూడకుండానే, చివరి డ్యూటీ నాడు అనౌన్సుమెంటు గది వెతుక్కుంటూ మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడి "మీరేనా అండీ?" అన్నాడట. అంతే. ఆ తరవాత ఫోన్లు, ఆ తరవాత ఫోన్లలో నవ్వులు. కూతురికి మాత్రం అంతా ఖాయమయ్యాక తెలిసింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ "నేను రాను" అంది అతని భార్య. "సాక్షి సంతకం కావాలిగా, నువ్వెళ్ళి పెట్టిరా. పెళ్ళి చేసుకోవద్దనలేదు నేను. కన్నకూతురికి ఆఖర్న చెప్తారా ఎవరైనా?" ఆమె కళ్ళల్లో నీళ్ళు. ఉల్లిపాయలు ఉండబట్టి ఎందుకని అడిగే పని తప్పింది. మర్నాడు టికెట్లు మాత్రం తనే కొంది. పొద్దున్నే విమానం ఉండగా మధ్యాహ్నం దానికెందుకు కొన్నావంటే చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఇందాక అద్దాల గోడలోంచి ఈ రెక్క కొస చూసేదాకా అతనికి తట్టలేదు, ఆ దారిలో ఈ రకం విమానం తిరిగేది మధ్యాహ్నమేనని. సీటు కూడా సరిగ్గా రెక్క వెనక, కిటికీ పక్కన. అంత కోపంలో ఉండి ఇంత వెతికి కొన్నది, మహాతల్లి.

విమానం మబ్బులు దాటింది, రెక్క ఓ వంపులో కుదురుకుంది, ఎండ దాని మీద పడి తెల్లగా మెరుస్తోంది. ఆ తెలుపు ఉత్త రంగు, కింద అంతా నలుపే. పొర అంటే ఏముంది, ఒక్కటి చేతిలోకి తీసుకుంటే నల్లటి పీలిక, నార వెంబడి లాగితే ఎంతమంది లాగినా తెగదు, అడ్డంగా లాగితే పసిపిల్ల చేతిలో చీలిపోతుంది, బలమంతా ఒకే దిక్కు. అందుకే ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకటి ఈ వాలుగా, ఒకటి ఆ వాలుగా పరిచి, మధ్య జిగురు, ఆపైన వేడి, ఒత్తిడి, చివరికి అంతా కలిసి ఒకే పలక. కంటికి ఒకటే, లెక్కకి మాత్రం ఎన్ని పొరలో అన్ని. ఆ పలక వంగితే లోపల ఏ పొర ఎంత మోస్తోంది? పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో పెద్దాయన, అతని గురువు, ఆయన్ని అందరూ పెద్దాయన అనే అనేవారు, బల్ల సొరుగులోంచి పేకముక్కల కట్ట తీసి దాని అంచున పెన్నుతో నిలువు గీత గీశాడు. కట్టను రెండు చేతులా వంచాడు. గీత మెట్లు మెట్లుగా చెదిరిపోయింది. "పలక వంగినా ఈ గీత తిన్నగానే ఉంటుందని పాత లెక్క చెబుతుంది. మరి ఇదేమిటి?" పాత లెక్క తప్పు సార్, అన్నాడు అతను ఉత్సాహంగా. "తప్పు కాదు నాయనా. పల్చటి పలకకి అది చాలు. ఏది వదిలేస్తున్నామో తెలిసి వదిలేస్తే దాన్ని మోడల్ అంటాం. తెలియక వదిలేశావనుకో, ఏదో ఒక రోజు పేపర్లో పడతాం." పొరలు అతికించి ఉంటే గీత అలా ముక్కలవదు, తెగకుండానే పొర పొరకీ కాస్త దారి మార్చుకుంటూ వంకరటింకరగా పోతుంది, ఆ వంకరను ఓ చిన్న సమీకరణంలో ఎలా ఇరికించాలన్నదే అతని యవ్వనమంతా. స్నేహితులు సినిమాలకి పోయేవారు, అతను గదిలో కూర్చుని గీతను వంచేవాడు. అయ్యో అనిపించదు ఇప్పుడు కూడా. ఒకరోజు బట్టలుతుకుతూ ఉండగా హఠాత్తుగా ఆ వంకర దొరికింది, సబ్బు చేతులతోనే గోడ మీద రాసుకున్నాడు, గోడ ఆరేసరికి సగం మాయమైంది, మిగిలిన సగం చాలింది.

"బాబూ." అత్తగారు ఒక కన్ను తెరిచి ఉంది. "అది ఊగుతోంది."

"ఊగాలి అత్తయ్యా."

"ఊగేది గట్టిదెలా అవుతుంది? నువ్వేనా దాన్ని చేసింది?"

"నేనొక్కణ్ణే కాదండీ, చాలామందిమి."

"అందరికీ చూపించావా ఇలా ఊగుతోందని?"

ఆవిడకి ఎలా చెప్పాలి. ముందు సీటు జేబులోంచి రంగుల పుస్తకం తీసి, సెంట్ల ప్రకటన ఉన్న పేజీ ఊడబెరికి, పైనుంచి కిందికి చించాడు. కత్తితో కోసినట్టు తిన్నగా చిరిగింది. పక్కకి తిప్పి అడ్డంగా చించాడు. ఎటో పోయింది, ఎలక కొరికినట్టు. కాగితానికి కూడా లోపల నార ఉంటుందండీ, ఎక్కువ భాగం ఒకే వైపు పడుకుని ఉంటుంది, అందుకే ఇలా. ఇప్పుడీ రెంటినీ ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా అతికించామనుకోండి, ఎటు లాగినా ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఆవిడ రెండో కన్ను కూడా తెరిచి చిరుగుల్ని తడిమి చూసింది. అటుగా వెళుతున్న విమానం అమ్మాయి ఆగి ఈ పెద్దమనిషికేమైందన్నట్టు చూసింది. "పాఠం చెబుతున్నాడమ్మా, ఏమనుకోకు" అంది అత్తగారు, స్టేషన్ గొంతుతో, వెనక నాలుగు వరసల దాకా వినబడేలా. అతను మిగిలిన పుస్తకాన్ని మెల్లగా జేబులోకి తోసేశాడు.

భార్యను మొదటిసారి కలిసింది కూడా పొరల దగ్గరే. ఆమె పళ్ళ డాక్టరు. పన్ను పుచ్చి వెళితే నోరు తెరిపించి, కుర్చీ వెనక్కి వాల్చి, ఏదో తెల్లటి ముద్ద కొంచెం కొంచెంగా పెడుతూ ప్రతిసారీ నీలం దీపం చూపిస్తోంది. నోట్లో చేతులుండగానే అడిగాడు, అంతా ఒకేసారి పెట్టరెందుకని. ఊఁ ఊఁ అని తప్ప వినబడలేదామెకి. చేతులు తీశాక మళ్ళీ అడిగాడు. గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుందండీ, ఒక్కసారే పెడితే అంచుల్లో పంటిని వదిలేస్తుంది, అంది. ఎంత కుంచించుకుంటుంది? లోపల మిగిలే ఒత్తిడి ఎంత? ఆమె మాస్కు దించి చూసింది. అంత అందమైన అనుమానపు చూపు అతను అంతకు ముందెప్పుడూ చూడలేదు. వారం తిరక్కుండా ఏ నొప్పీ లేని పన్ను చూపించుకోవడానికి వెళ్ళాడు. ఆ పన్నుకి ఇప్పటికీ ఏమీ కాలేదు. నువ్వు రెక్కకి పూస్తావు, నేను పంటికి పూస్తాను, నీది ఊడితే పేపర్లో వేస్తారు, నాది ఊడితే నా ముఖం మీదే తిడతారు, అంటుంది.

గొప్ప ఆలోచనేమీ కాదు నిజానికి, రెక్కలో అతను పెట్టించింది. ఎడమ వాలుకి ఎన్ని పొరలు పరిస్తే కుడి వాలుకీ అన్నే పరవాలని ఆనవాయితీ, అప్పుడు పలక వంచితే వంగుతుంది, అంతే, పేచీ లేదు. ఒక వాలుకి కొన్ని ఎక్కువ పరిస్తే? వంచినప్పుడు వంగుతూనే కాస్త మెలి తిరుగుతుంది. ఆ మెలిని అందరూ తప్పుగా చూశారు, లెక్కలో అది కనబడగానే కొట్టేసేవారు. ఆఫీసులో అతని పక్క బల్ల మనిషికి సున్నా అని పేరు, ఏ సమీకరణం చూసినా "ఈ పదాన్ని సున్నా చేసేద్దామా?" అంటాడు కాబట్టి. సున్నా కూడా అదే అన్నాడు. వద్దు, ఉంచుదాం, అన్నాడు అతను, గాలి ఒక్కసారిగా ఎత్తి కొట్టినప్పుడు రెక్క పైకి వంగుతుంది కదా, వంగుతూ ముందు అంచును రవ్వంత కిందికి దించుకుందనుకో, గాలికి పట్టు తగ్గిపోతుంది, దెబ్బ దానంతటదే చిన్నదవుతుంది, ఏ మోటారూ అక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు. సమావేశాలు, వాదనలు, మళ్ళీ సమావేశాలు. ఆఖరికి సున్నాయే లేచి నిలబడి దీన్ని సున్నా చెయ్యొద్దండీ అన్నప్పుడు గదంతా గొల్లున నవ్వింది.

పరీక్ష కోసం రెక్కను విరిచిన రోజు. గోడకి బిగించి, జాకీలతో కొసను పైకి ఎత్తుతూ ఎత్తుతూ, మేడంత ఎత్తు, అద్దం వెనక అందరూ ఊపిరి బిగబట్టి. నిబంధన అడిగిన బరువు దాటగానే చప్పట్లు. అక్కడితో ఆపరు, విరిగేదాకా ఎత్తుతారు, ఎక్కడ విరుగుతుందో అతని మోడల్ ముందే చెప్పింది కదా. లోపలెక్కడో టిక్, టిక్ మని నార తెగుతున్న సవ్వడి, ఆపైన పిడుగు. దుమ్ము అణిగాక కొలిచి చూస్తే చెప్పిన చోటుకి జానెడు అవతల విరిగింది. సున్నా అతన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. పెద్దాయన అప్పటికి మంచం మీద ఉన్నాడు, ఫోన్లో "ఎక్కడ?" అన్నాడు, జానెడు సార్, అంటే నీరసంగా నవ్వి, "ఆ జానెడులో ఏముందో చూడు, నీకు చాలాకాలం పని దొరికింది" అన్నాడు. దొరికింది. కొన్ని పొరలు మధ్యలో ఆగిపోయే చోట, ఆ అంచున, జిగురు విడిపోయింది ముందు. పొరలన్నీ ఎప్పటికీ అతుక్కునే ఉంటాయని మోడల్‌లో మొదటి వరసలో రాసుకున్న మాట, ఏం వదిలేస్తున్నాడో తెలిసే వదిలేసిన మాట. ఆ అంచుని మార్చి, మళ్ళీ లెక్కగట్టి, మళ్ళీ పరీక్షించి, ఈసారి బాగానే వచ్చింది, అయినా ఆ టిక్ టిక్ మాత్రం

విమానం గోతిలో పడ్డట్టు దిగిపోయింది.

ఎవరో కెవ్వుమన్నారు. బెల్టులు కట్టుకోమని దీపం వెలిగింది, కెప్టెన్ గొంతు గరగరమంటూ ఏదో చెప్పింది, గాలి బాగులేదనో ఏమో, "మాటలు మింగేస్తున్నాడు" అంది అత్తగారు, అతని చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. మళ్ళీ ఎత్తి కుదేసింది. రెక్క పైకి లేచింది, ఇందాకటి వంపు కాదు, కంప్యూటర్ తెర మీద ప్రమాదమని ఎర్ర రంగులో చూపించేంత వంపు, కొస ఆకాశంలోకి పోయింది. జానెడు. ఆ అంచు. అక్కడ ఎన్ని పొరలు ఆగుతాయో ఇప్పుడు అడిగినా చెప్పగలడు, కళ్ళు అక్కడే ఉన్నాయి, ఆ చోటు పైకి మామూలు తెల్లరంగే, ఏమీ కనబడదు, కనబడదని తెలిసీ చూస్తున్నాడు. మరో దెబ్బ. రెక్క వంగింది, వంగుతూ, అదిగో, కొస చివర ముందు అంచు రవ్వంత దిగింది, వెనక అంచు లేచింది, దూరాన మబ్బుల గీతతో పోల్చి చూస్తే తెలుస్తోంది, ఎవరో పెద్దవాళ్ళు ఎదురైతే తల వంచి పక్కకి తప్పుకున్నట్టు, దెబ్బ రెక్క మీదినుంచి జారిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వంగింది, మళ్ళీ తిరిగింది. కొట్టేద్దామన్న పదం. గదిలో అందరూ సున్నా చేద్దామన్న ఆ చిన్న పదం, ఎండలో, ఇంతమందిని మోస్తూ, తన పని తను చేసుకుపోతోంది, అతనివైపు చూడను కూడా చూడకుండా.

"నవ్వుతున్నావా?" అంది అత్తగారు.

అతనికి తెలియలేదు నవ్వుతున్నట్టు.

"నవ్వుతున్నావంటే ఏం కాదన్నమాటే." ఆవిడ చెయ్యి వదులు చేసింది గాని తీసెయ్యలేదు. "హమ్మయ్య. చెప్పొచ్చుగా ముందే."

ఎన్ని సంతకాలు, ఎన్ని ముద్రలు, ఎంతమంది తనిఖీదార్లు వచ్చి అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగి వెళ్ళారో దీనికోసం. ఈవిడ అతని ముఖం చూసి ఒప్పేసుకుంది. ఒక్క క్షణం అతనికి సిగ్గేసింది, మరుక్షణం లోపలెక్కడో వేడిపాలు తాగినట్టయింది. కుదుపులు ఒకటీ అరా వచ్చి ఆగిపోయాయి. వెనక ఏడుస్తున్న పసివాడు కూడా ఎందుకు ఏడుస్తున్నాడో మరిచిపోయాడు.

"అన్ని పొరలు అతికించారు కదా, విడిపోవూ?" అంది ఆవిడ కాసేపాగి.

విడిపోవని చెప్పేస్తే సరిపోయేది. "విడిపోవచ్చు అత్తయ్యా. అందుకే అప్పుడప్పుడూ తట్టి చూస్తారు. శబ్దం లోపలికి పంపి వింటారు. విడిపోయిన చోట మోత మారుతుంది. పట్టుకుని బాగుచేస్తారు."

"వింటే తెలుస్తుందా!" ఆవిడ ముఖంలో ఆ మాటకి కలిగిన సంతోషం చూసి, ఇంకా వివరం చెబుదామనుకుని మానేశాడు. ఆవిడ కిటికీలోంచి మొదటిసారి మబ్బుల్ని చూసింది, చాలాసేపు చూసింది. "దానికి నా మీద కోపం ఎప్పటికి పోతుందంటావు?" అంది, మబ్బుల్ని అడుగుతున్నట్టు. మనుషుల్ని పొరలతో పోల్చి మాట్లాడేవాళ్ళంటే అతనికి పడదు, ఆఫీసు ఉపన్యాసాల్లో వినీ వినీ విసుగు పుట్టింది, పొరలకి అలకలుండవు, పొరలు ఉల్లిపాయలు తరగవు. తెలియదు అత్తయ్యా, అన్నాడు. తెలియదని చెప్పడంలో కూడా ఇవాళ ఏదో హాయిగా ఉంది. "డ్రైవరుగారంటారు," అంది ఆవిడ, "బండి కోసం కంగారు పడితే బండి ముందే రాదండీ అని. నేను అదే మాట అందరికీ చెప్పినదాన్నే, మైకులో." అని తనే నవ్వేసింది.

దిగుతున్నప్పుడు రెక్క వెనక పలకలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి, కింద ఇళ్ళ కప్పులు, రోడ్డు మీద కార్లు, ఎవరో డాబా మీద ఆరేసిన దుప్పట్లు. చక్రాలు నేలను తాకాయి, ఒక గంతు, ఇంకో చిన్న గంతు, ఆ గంతుకి రెక్క ఊగి మెల్లగా కిందికి వాలింది. చుట్టూ ఫోన్లన్నీ ఒక్కసారి ప్రాణం పోసుకున్నాయి. అతనిదీ మోగింది. భార్య.

"దిగారా?"

"ఇప్పుడే."

"అమ్మ భయపడిందా?"

"నాకంటే తక్కువే."

"అమ్మకివ్వు."

ఫోన్ అందుకున్న అత్తగారి వైపునుంచి మాత్రమే వినబడింది. ఊఁ. తిన్నాను. లేదే, బాగానే ఉంది. పాతవే. అవేనే, నల్లవి. ఏం, బాగానే ఉన్నాయిగా. ఊఁ. ఊఁ. ఆ తరవాత మాట మాటకీ మధ్య ఉండే ఆ గుక్క ఖాళీ పెరిగి పెరిగి సీట్ల మధ్య నిలబడ్డవాళ్ళందరూ సంచులు దింపుకునేంత పెద్దదైంది. ఫోన్ తిరిగి ఇచ్చింది.

"ఏమందండీ?"

"తిట్టింది. పెళ్ళికి ఆ పాత చెప్పులేసుకుంటావా అని తిట్టింది. క్లినిక్ మూసేసి పొద్దున్న మొదటి విమానానికి వస్తుందట, కొత్తవి తెస్తుందట. నా కొలత అడిగింది." కళ్ళు తుడుచుకుని, "కన్నతల్లి పాదం కొలత తెలియదు చూడు దీనికి" అంది, అందరికీ చెప్పుకోవాలన్నంత సంబరంగా.

జనం కదిలారు. అతను ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు. బయట పసుపు చొక్కా మనిషొకడు రెక్క కింద నడుస్తున్నాడు, తల ఎత్తి కూడా చూడటం లేదు, చూడక్కర్లేదు కూడా. ఇంకొక్క నిమిషం, అనుకున్నాడు అతను. వరస ఖాళీ అయిపోయింది, విమానం అమ్మాయి దూరంనుంచి మర్యాదగా చూస్తోంది, అత్తగారు అప్పటికే లేచి జుట్టు సర్దుకుని, కిటికీ అద్దంలో ముఖం చూసుకుని, అతని భుజం తట్టింది.

"లే నాయనా, నీ రెక్క ఎక్కడికీ పోదు. బయట ఆయన నిలబడి ఉంటారు."

ఇంతవరకూ డ్రైవరుగారు, డ్రైవరుగారు అంటూ వచ్చిన మనిషి. ఏ ఆయన అని అడగక్కర్లేకుండా అంది. ఆ మాట తన నోట వచ్చిందని ఆవిడకి తెలిసినట్టు లేదు, అప్పుడే సీట్ల మధ్యనుంచి వడివడిగా తలుపు వైపు నడుస్తోంది. అతను లేచి, పైనున్న ఆవిడ సంచి అందుకుని, వెనకే వెళ్ళాడు.